ఒకే పెట్టెలోని నాలుగు డిస్కులు

లిఫ్టులు బాగుచేసే ఆయన్ని కంపెనీలో అందరూ చెవి మాస్టారు అంటారు. ఆ పేరు పెట్టినవాడు ఎప్పుడో ఉద్యోగం మానేసి వెళ్లిపోయాడు గానీ పేరు మాత్రం ఉండిపోయింది. మెషీన్ రూములోకి అడుగుపెట్టగానే ఆయన పనిముట్ల సంచి కింద పెట్టి, పొడుగాటి స్క్రూడ్రైవర్ ఒకటి తీసి, దాని మొనను మోటారు బేరింగు మీద, పిడిని చెవికి ఆనించుకుని నిలబడతాడు. రెండు నిమిషాలపాటు ఉలుకూ పలుకూ ఉండదు. తర్వాత "ఇంకో ఆర్నెల్లు లాగుతుంది" అనో, "ఈ వారంలోనే మార్చెయ్యండి" అనో తేల్చి చెప్తాడు. ఇరవై ఆరేళ్లలో ఆ మాట తప్పిన సందర్భాలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అవి ఆయన ఒక్కడికే గుర్తున్నాయి.

ఆయన భార్యది చదివే పని. చూపు లేని విద్యార్థుల కోసం పాఠ్యపుస్తకాలు పైకి చదివి రికార్డు చేసేది. ఆడియో లైబ్రరీ వాళ్లు పుస్తకం పంపడం, ఈవిడ చదివి ఫైళ్లు పంపడం, ఇలా తొమ్మిదేళ్లలో రెండువందల పన్నెండు పుస్తకాలు పూర్తయ్యాయి. వంటింటి పక్కనున్న చిన్న గదిలో గోడలకు పాత దుప్పట్లు వేలాడదీసి, తలుపు కింద చుట్టిన తువ్వాలు పెట్టి, ఫ్యాను ఆపుకుని చదివేది. ఎండాకాలంలో అర్థశాస్త్రం పుస్తకం తగిలిందంటే చెమటకు ముందు ఆవిడ తడిసేది, ఆ తర్వాత పుస్తకం తడిసేది.

చదవడంలో ఎక్కడైనా తడబడితే ఆగి, ఒక్కసారి గట్టిగా చప్పట్లు కొట్టి, ఆ వాక్యాన్ని మళ్లీ మొదట్నుంచి ఎత్తుకునేది. చప్పట్ల మోత కంప్యూటర్ తెర మీద నిలువు గీతలా లేచి కనిపిస్తుంది కాబట్టి, కత్తిరించేవాడు వెతుక్కోనక్కర్లేదు. ఆ కత్తిరించేవాడు చెవి మాస్టారే. ఆదివారం పొద్దున్నే కూర్చుని, గీత కనిపించిన చోటల్లా తప్పును కోసేసి, అతికేవాడు. కోయనివాటిని 'పచ్చివి' అని, కోసి శుభ్రం చేసినవాటిని 'వండినవి' అని వేర్వేరుగా దాచేవాడు. వండినవి లైబ్రరీకి వెళ్లేవి. పచ్చివి ఎవరికీ అక్కర్లేదు గానీ, వాటిని పారేయడానికి ఆయనకు చేతులు రాలేదు.

ఎందుకు రాలేదో ఆయన ఎవరికీ చెప్పలేదు. పచ్చివాటిలో, చప్పట్లకూ మళ్లీ మొదలుపెట్టడానికీ మధ్య, ఆవిడ ఉండేది. "ఏమండీ, ఆ కుళాయి మీరు కట్టేస్తారా, నన్ను లేచి రమ్మంటారా?" అని అరిచేది. తుమ్మేది. పేజీన్నర పొడుగు వాక్యం వస్తే, "ఇది రాసినాయన ఊపిరి తీసుకునేవాడేనా అసలు!" అని విసుక్కునేది. తనలో తనే నవ్వుకునేది. వండినవాటిలో ఉన్నది మంచి గొంతున్న పాఠకురాలు, అంతే.

తర్వాత ఆవిడ మెడలో థైరాయిడ్ గడ్డ తీసేయాల్సి వచ్చింది. గొంతుకు వెళ్లే నరం దాని పక్కనుంచే పోతుందని, ఎంత జాగ్రత్తపడ్డా దెబ్బ తగలొచ్చని డాక్టరమ్మ ముందే చెప్పింది. తగిలింది. మాట పోలేదు గానీ, అందులో గాలే ఎక్కువైంది. గరగరమంటూ మొదలై, వాక్యం చివరికి వచ్చేసరికి సన్నగిల్లిపోయేది. ఇంతకన్నా పెద్దగా మెరుగుపడదన్నారు. "రెండు నెలలు గొంతుకి విశ్రాంతి ఇవ్వండి. ఆ తర్వాత మెల్లమెల్లగా మాట్లాడించండి" అని చెప్పి పంపించారు.

ఇందులో మొదటి మాటను చెవి మాస్టారు గట్టిగా పట్టుకున్నాడు. ఫోను మోగితే ఆయనే ఎత్తేవాడు. గుమ్మంలోకి ఎవరొచ్చినా ఆయనే ఎదురెళ్లేవాడు. ఆవిడ నోరు తెరిచేలోపే "నువ్వుండు, నేను చెప్తా" అనేవాడు. రెండు నెలలు గడిచి ఏడాదైంది. ఆవిడ చేతిలోకి చిన్న నోట్‌బుక్కు, పెన్సిలు వచ్చాయి. లైబ్రరీవాళ్లు చివరగా పంపిన రెండువందల పదమూడో పుస్తకం, నాలుగో పాఠం దగ్గర దారం పెట్టి, చిన్న గదిలో బల్ల మీదే ఉండిపోయింది. ఏ మాటకామాటే చెప్పుకోవాలి, ఆయన చేసిందంతా ప్రేమతోనే చేశాడు. అందుకే ఆవిడకు కాదనడానికి సందు దొరకలేదు.

రికార్డింగులు అప్పటికి ఎక్కడెక్కడో ఉండేవి. కొన్ని ల్యాప్‌టాప్‌లో, కొన్ని అరడజను పెన్‌డ్రైవుల్లో, ఎక్కువ భాగం ఒక పాత పోర్టబుల్ డిస్కులో. ఒకరోజు ఆ డిస్కు టిక్కు టిక్కుమనడం మొదలుపెట్టింది. చెవి మాస్టారు స్క్రూడ్రైవర్ ఆనించి విన్నాడు. విన్నాక ఆ పూట అన్నం సరిగా తినలేదు. ఆవిడ ఇక చదివేది లేదు, ఇవి పోతే పోయినట్టే అన్న సంగతి అంతకుముందూ తెలుసు గానీ, చెవికి వినిపించడం అదే మొదటిసారి.

ఇంట్లో నెట్‌వర్కుకు తగిలించుకుని ఫైళ్లన్నీ దాచుకునే పెట్టెలుంటాయని బావమరిది చెప్పాడు. నాలుగు డిస్కులు పట్టే పెట్టె ఒకటి కొన్నారు. దాని ఏర్పాటు ఆయనకు వెంటనే నచ్చింది. నాలుగింటిలో ఏ ఒక్కటి చెడిపోయినా, మిగతా మూడూ కలిసి దానిలో ఏముండేదో లెక్కగట్టి చెప్పేస్తాయి. కొత్త డిస్కు పెడితే అంతా మళ్లీ దానిలోకి రాసేస్తాయి. ఒకేసారి రెండు పోతే మాత్రం చేతులెత్తేస్తాయి.

పెట్టె వచ్చింది గానీ, అందులో పెట్టాల్సిన డిస్కుల్ని ఎంచడానికి ఆయనకు నాలుగు నెలలు పట్టింది. మామూలు కంప్యూటర్లో వేసే డిస్కు రోజుకు ఏ ఎనిమిది గంటలో పనిచేయడానికి తయారవుతుందని, పెట్టెలో డిస్కు పగలూ రాత్రీ తిరుగుతూనే ఉండాలని తెలుసుకున్నాడు. నాలుగు పక్కపక్కన తిరిగితే ఒకదాని వణుకు ఇంకోదానికి పాకుతుందని, దానికి తట్టుకునే రకం వేరే ఉంటుందని తెలుసుకున్నాడు. కొన్ని చవక డిస్కుల్లో సమాచారం రాసే గీతల్ని ఇంటి పెంకుల్లా ఒకదాని అంచు మీద ఒకటి పరుస్తారని, అలాంటివి ఈ పనికి పనికిరావని తెలుసుకున్నాడు. వాడేసినవాటిలో తిరిగిన గంటల మీటరు వెనక్కి తిప్పి కొత్తవని అమ్మేవాళ్లున్నారని చదివి, రెండు రోజులు మనుషుల మీదే నమ్మకం పోగొట్టుకున్నాడు.

"బావా, మా అక్కని చేసుకోవడానికి అరగంటలో సరేనన్నావు. వీటికి నాలుగు నెలలా?" అన్నాడు బావమరిది.

"మీ అక్కకి వారంటీ అడగలేదు కదరా" అన్నాడాయన.

ఆవిడ పక్కనే ఉండి నోట్‌బుక్కులో ఏదో రాసి తమ్ముడికి చూపించింది. తమ్ముడు పొట్ట పట్టుకుని నవ్వాడు. ఏం రాసిందో ఆయనకు చూపించలేదు.

చివరికి ఒక శనివారం కంప్యూటర్ల షాపుకు వెళ్లాడు. షాపు నడిపేది నలభయ్యేళ్ల ఆవిడ. మెడలో కళ్లజోడు వేలాడేసుకుని, అడిగినదానికి మాత్రమే జవాబిచ్చే మనిషి. ఆయన తెచ్చిన కాగితం చూసి, కళ్లజోడు పెట్టుకుని ఇంకోసారి చూసి, "మీరే మంచివి రాసుకొచ్చారు సార్. వీటిలో రెండు ఈ కంపెనీవి, రెండు ఆ కంపెనీవి ఇస్తాను" అంది.

"వద్దమ్మా. నాలుగూ ఒకే కంపెనీవి కావాలి. ఒకే పెట్టెలోంచి తియ్యండి. సీలు నా ముందే విప్పండి."

"పోనీ, రెండు ఈ లాటువి, రెండు వేరే నెల లాటువి..."

"నేను లిఫ్టుల్లో పనిచేస్తానమ్మా. ఒక లిఫ్టుకి ఐదారు తాళ్లుంటాయి. అన్నీ ఒకే చుట్టలోంచి కోసినవై ఉండాలి. ఒకటి కొత్తది, ఒకటి వేరే చుట్టది వేశామంటే ఒకటి ఎక్కువ సాగుతుంది, ఒకటి తక్కువ సాగుతుంది. బరువంతా ఒకదాని మీద పడుతుంది. తాడు మారిస్తే అన్నీ మార్చాలి. అన్నీ అన్నదమ్ముల్లా ఉండాలి."

తన పనిలో ఆరితేరిన మనిషి అంత ధీమాగా చెప్తుంటే కాదనడం కష్టం. షాపావిడ కళ్లజోడు మళ్లీ మెడలోకి వదిలేసింది. "మీ ఇష్టం సార్. ఇంకో కాపీ మాత్రం వేరేగా ఎక్కడైనా పెట్టుకోండి" అంది. ఆ రెండో మాటను ఆయన పెడచెవిన పెట్టాడు. చెవి మాస్టారు అలా చేసిన సందర్భాల్లో అదొకటి.

సీలు విప్పి నాలుగు డిస్కులు తీశారు. వాటి మీది నంబర్లు వరుసగా ఉన్నాయి, చివర నలభై ఒకటి, రెండు, మూడు, నాలుగు. తయారైన తేదీ నాలుగింటికీ ఒకటే. ఆయన ముఖం వెలిగిపోయింది. ఇంటికి తెచ్చి, వారంపాటు ప్రతి డిస్కులో అంచుదాకా చెత్త నింపి, నింపినదంతా తిరిగి చదివించి, ఒక్క తప్పూ లేదని చూసుకున్నాడు. స్క్రూడ్రైవర్ ఆనించి నాలుగింటినీ విన్నాడు. నాలుగూ ఒకేలా మోగుతున్నాయి. భార్యను పిలిచి ఆవిడ చెవికీ పిడి ఆనించాడు. ఆవిడ విని, బాగుందన్నట్టు తలూపింది.

రికార్డింగులన్నీ పెట్టెలోకి ఎక్కించాక ఆయన ఇంకో పని చేశాడు. లిఫ్టు తాళ్లు మార్చినప్పుడు, విప్పిన పాత తాడును ఎవరూ మళ్లీ వాడకుండా అక్కడికక్కడే ముక్కలు చేసేయాలని వాళ్ల పనిలో నియమం. ఆయన ఆ గీత ఎప్పుడూ దాటలేదు. పెన్‌డ్రైవుల్ని, ల్యాప్‌టాప్‌ని తుడిచేసి, పాత డిస్కుకు డ్రిల్లుతో మూడు చోట్ల కన్నాలు పెట్టాడు.

"పాతవి ఉంచొచ్చుగా?" అని ఆవిడ రాసి చూపించింది.

"అరిగిపోయినవాటిని ఇంట్లో ఉంచితే ఎప్పుడో ఒకప్పుడు వాటినే నమ్ముకుంటాం" అన్నాడు. వినడానికి మాట బాగానే ఉంది.

రెండేళ్ల ఏడు నెలలు పెట్టె బుద్ధిగా పనిచేసింది. ఆదివారం మధ్యాహ్నం ఆయన ఇయర్‌ఫోన్లు పెట్టుకుని దాని ముందు కూర్చునేవాడు. డిస్కుల్ని పరీక్షిస్తున్నానని చెప్పేవాడు. పరీక్ష గంటకు తగ్గేది కాదు. పచ్చివాటిలో ఒకటి తెరిచి, చప్పట్ల గీతలు చూసుకుంటూ, ఒక గీత నుంచి ఇంకో గీతకు దూకేవాడు. పక్క గదిలో ఆవిడ మాట్లాడకుండా బట్టలు మడతపెట్టుకునేది. ఈ రెండూ ఒకే ఇంట్లో జరుగుతున్నాయని ఆయనకు ఎప్పుడూ తట్టలేదు.

ఒక సోమవారం పొద్దున రెండో డిస్కు దీపం నారింజ రంగుకు మారింది. ఆయన కంగారుపడలేదు. నిజానికి లోలోపల మురిసిపోయాడు కూడా, ఇలాంటి రోజు కోసమేగా ఇంత ఏర్పాటు! కొత్త డిస్కు కొనుక్కొచ్చి, చెడినదాన్ని లాగేసి, దాని చోట పెట్టాడు. పెట్టె మిగతా మూడింటినీ మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదువుతూ, కొత్తదాన్ని నింపడం మొదలుపెట్టింది. రెండు రోజులు పడుతుందని తెర మీద వచ్చింది. ఆయన డ్యూటీకి వెళ్లిపోయాడు.

మర్నాడు సాయంత్రం వచ్చేసరికి తెర మీద అరవై ఒకటి శాతం దగ్గర ఆగిపోయి ఉంది. మూడో డిస్కు దీపం ఎర్రగా ఉంది. ఆయన బూట్లు కూడా విప్పకుండా వెళ్లి స్క్రూడ్రైవర్ ఆనించాడు. లోపల ఏదో గీసుకుంటున్న చప్పుడు. సోమవారం తీసేసిన రెండో డిస్కును బల్ల సొరుగులోంచి తీసి, కంప్యూటర్‌కు తగిలించి, దాన్నీ విన్నాడు. అదే చప్పుడు, అదే శ్రుతి. అన్నదమ్ములు కావాలని అడిగి తెచ్చుకున్నాడు, అన్నదమ్ముల్లాగే ఒకే జబ్బుతో పోయారు. ఆయన అలాగే నేల మీద కూర్చుండిపోయాడు.

చెడిన డిస్కుల్లోంచి సరుకు బయటికి తీసే వర్క్‌షాపుకు రెండింటినీ పంపించారు. రెండు వారాలకు చావుకబురు చల్లగా వచ్చింది. రెండింటిలోనూ ఒకే భాగం ఊడి, లోపలి పళ్లేల్ని గీకేసింది. దక్కింది ఏమీ లేదు.

భార్యకు చెప్పక తప్పలేదు. ఆవిడ విని లైబ్రరీకి మెసేజ్ పెట్టింది. లైబ్రరీ చూసుకునే ఆయన గంటలోనే ఫోన్ చేశాడు. ఆయనకూ చూపు లేదు. అక్కడ పుస్తకాల పేర్లన్నీ ఆయనకు కంఠతా వచ్చు.

"అమ్మగారి పుస్తకాలు రెండువందల పన్నెండూ మా దగ్గర భద్రంగా ఉన్నాయండీ. అన్నీ ఒక డిస్కులో వేసి పంపిస్తాను" అన్నాడు.

ఆవిడ ముఖం విచ్చుకుంది. చెవి మాస్టారి ముఖం మాత్రం అలాగే ఉంది. వచ్చేవన్నీ వండినవే. "అన్నీ ఉన్నాయి. ఇంకా ఎందుకా మొహం?" అని రాసి చూపించింది. "ఏం లేదు" అన్నాడు. ఏం చెప్తాడు? నీ తొమ్మిదేళ్ల కష్టం దక్కింది గానీ, నువ్వు నన్ను తిట్టిన తిట్లు పోయాయి అని చెప్తే మనిషికి మతిపోయిందనుకోదూ?

మళ్లీ అదే షాపుకు వెళ్లాడు. షాపావిడ జరిగిందంతా విని, సానుభూతి మాటలేవీ చెప్పలేదు.

"సార్, లిఫ్టులో తాళ్లన్నీ ఒకేసారి తెగిపోతే?"

"పడదు. కింద సేఫ్టీ బ్రేకు ఉంటుంది. వేగం మించగానే దవడల్లా పట్టాల్ని పట్టేస్తుంది."

"అదీ తాళ్ల చుట్టలోంచే వస్తుందా?"

"ఎందుకొస్తుంది? దాని దారి వేరే. తాళ్లతో సంబంధమే..." అని ఆయన మధ్యలో ఆగిపోయాడు. ఇరవై ఆరేళ్లుగా ఇంకొకళ్లకు తనే చెప్తున్న పాఠం అది. తాళ్లు కలిసి ఒక బరువును మోయాలి, అందుకే ఒకేలా సాగాలి. డిస్కుల పని అది కాదు. ఒకటి పోయిన రోజున ఇంకొకటి పోకుండా ఉండటమే వాటి పని. వాటికి వేర్వేరు పుట్టుక కావాలి, అవన్నీ పోతే పట్టుకోవడానికి వేరే దారిలో ఇంకొకటి కావాలి. ఆయన ఈసారి కాగితం తీయలేదు. "మీరే ఇవ్వండమ్మా" అన్నాడు. ఆవిడ రెండు కంపెనీలవి, వేర్వేరు నెలల్లో తయారైనవి తీసి, ఇంకో చోట దాచడానికి విడిగా ఒకటి ఇచ్చింది.

లైబ్రరీ నుంచి డిస్కు వచ్చింది. దాన్ని పెట్టెలోకి ఎక్కిస్తుంటే లైబ్రరీ ఆయన ఫోన్ చేశాడు. "ఒక్క మాటండీ. భౌతికశాస్త్రం ఏడో పాఠం ఎప్పుడో పొరపాటున శుభ్రం చెయ్యకుండానే మాకు వచ్చేసింది. మార్చమని అడుగుదామనుకున్నా, మా దగ్గర వినే పిల్లలు ఒప్పుకోలేదు. ఇరవై మూడో నిమిషం వాళ్లకి నోటికొచ్చు."

చెవి మాస్టారు ఇయర్‌ఫోన్లు వెతుక్కోవడం కూడా మర్చిపోయి అలాగే ఆ పాఠం నొక్కాడు. లోలకం గురించి చదువుతున్న గొంతు, నిండుగా, తీరిగ్గా. ఇరవై మూడో నిమిషంలో చప్పట్లు. ఆ వెంటనే, "ఏమండీ! పొయ్యి మీద పాలు పెట్టానని చెప్పానా లేదా? మాడు వాసనొస్తోంది! మీ చెవులు లిఫ్టులకేనా, ఇంట్లో పనిచెయ్యవా?" ఎక్కడో దూరంగా ఆయన గొంతు, "ఆఁ?" అంది. "ఆఁ కాదు, పాలు!" ఆ తర్వాత ఆగకుండా నవ్వు. తర్వాత లోలకం.

ఆయన వెనక్కి జరిపి మళ్లీ పెట్టాడు. మూడోసారి పెట్టినప్పుడు, గుమ్మంలో భార్య నిలబడి ఉందని చూశాడు. ఎప్పట్నుంచి నిలబడిందో తెలియదు. గుట్టు రట్టయింది.

"ఆదివారాలు పరీక్షించింది ఇవేనా?" అంది. నోట్‌బుక్కు తీయలేదు. నోటితోనే అడిగింది.

"పుస్తకాల కోసం కాదే నేను ఏడ్చింది. వాటి మధ్యలో నువ్వు నన్ను తిట్టేదానివి. అవి పోయాయి. ఇదొక్కటే మిగిలింది" అన్నాడాయన.

ఆవిడ లోపలికొచ్చి కుర్చీ లాక్కుని కూర్చుంది. "ఇది ఎవరి గొంతు?" అంది. 'గొంతు' అన్న మాట సగంలో గాలైపోయింది.

"ఏది?"

"ఇప్పుడు వింటున్నది."

ఆయన రికార్డింగు ఆపాడు. "నీదే. కానీ నువ్వు శ్రమపడ..."

"మీరుండండి, నేను చెప్తా" అంది. నాలుగేళ్లుగా రోజుకు పదిసార్లు విన్న మాట కాబట్టి ఆవిడకు బాగా వచ్చు. "రెండు నెలలన్నారు డాక్టరమ్మ. మీరు ఇంకా లెక్కపెడుతూనే ఉన్నారు. పాత గొంతుకి నాలుగు డిస్కులు కొన్నారు. ఉన్నదాన్ని నోరు తెరవనివ్వరు. నేను చచ్చిపోయానా ఏంటండీ?"

ఆ మాట ఆయనకు సూటిగా తగిలింది. బేరింగుల చప్పుడు విని ఆర్నెల్ల ముందు సంగతి చెప్పే మనిషి, పక్కనున్న మనిషి నాలుగేళ్లపాటు మూగబోతుంటే వినలేదు. సిగ్గేసింది.

ఆవిడ లేచి చిన్న గదిలోకి వెళ్లింది. దుప్పట్లు అలాగే ఉన్నాయి. మైకు మీద కప్పిన గుడ్డ తీసి దులిపింది. తలుపు కింద తువ్వాలు సర్దింది. రెండువందల పదమూడో పుస్తకంలో దారమున్న చోట తెరిచి, "ఫ్యాను ఆపండి" అంది.

ఆయన ఆపి, రికార్డింగు నొక్కి, గోడకు ఆనుకుని నిలబడ్డాడు. నాలుగో పాఠం మొదలైంది. మూడో వాక్యంలో గొంతు జారిపోయింది. చప్పట్లు. మళ్లీ మొదట్నుంచి. ఐదో వాక్యంలో ఇంకోసారి. ఒక్క పేజీకి పదకొండుసార్లు చప్పట్లు కొట్టింది. పన్నెండోసారి కొట్టాక, వాక్యం ఎత్తుకోకుండా ఆగి, వెనక్కి తిరక్కుండానే అంది:

"ఏమండీ, అక్కడ నిలబడి ఏడవకండి. మైకులో పడుతుంది."

పడింది. ఆదివారం వండినప్పుడు కూడా ఆయన అది కత్తిరించలేదు.